మామగారు కొరికిన రొట్టె

ఆ రోజు మతలూబ వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. మధ్యాహ్నానికల్లా కేకు పూర్తిచేసి అదాలత్ ఖాలాకి అప్పగించడం, ఆ తర్వాత కాళ్లు చాపుకుని ఒక గిన్నెడు టీ తాగడం. పొద్దుటి నుంచి ముసురు పట్టింది. కోకంద్ పట్నంలో నవంబరు వాన మొదలైతే మనుషులే కాదు, మట్టిగోడలు కూడా ఏడుపు ముఖం పెడతాయి. మొగుడు పత్తి మిల్లు డ్యూటీకి, అత్తగారు సనోబరేమో బజారుకి వెళ్లారు.

కేకు అదాలత్ ఖాలా మనవడి ఉయ్యాల పండగకి. ఆవిడకి గులాబీలు వద్దట, హంసలు వద్దట. "మన రొట్టె మీద ముద్ర ఉంటుందే, ఆ నగిషీ కేకు చుట్టూ రావాలి. చేతకాకపోతే ఇప్పుడే చెప్పెయ్, ఇంకొకరిని చూసుకుంటా" అంది. అందరూ ఖాలా అని, అంటే పిన్నీ అని పిలిచే ఆవిడే వీధిలో ఆడవాళ్లందరికీ పెద్ద. ఆవిడ పెదవి విరిస్తే, ఇంట్లో కేకులు చేసి అమ్మే మతలూబ ఓవెన్‌కి చలికాలమంతా సెలవే. అందుకని కేకుల మీద నగిషీ దించే రబ్బరు మ్యాట్ ఒకటి ఫోన్లో ఆర్డర్ పెట్టుకుంది. చక్కెర ముద్దని పల్చగా వత్తి, దాని మీద పరిచి అప్పడాల కర్రతో నొక్కితే పువ్వులు దిగాలి. పార్సిల్ ఆ ఉదయమే వచ్చింది. విప్పి చూస్తే పువ్వు అన్నది లేదు. వరసగా పారిస్ టవర్లు, పద్దెనిమిది.

"ఉయ్యాల్లో పిల్లాడికి టవర్లెందుకురా నాయనా!" అని నెత్తి కొట్టుకుంది.

రొట్టె మధ్యలో పువ్వులా పొడిచే సన్న మేకుల ముద్ర నొక్కితే చక్కెర రేకు జల్లెడైపోయింది. లేసు కర్టెన్ పరిచి వత్తితే దారప్పోగులు అంటుకున్నాయి. ఆఖరికి అత్తగారి కొత్త రబ్బరు జోళ్ల అడుగు కడిగి వత్తింది. డిజైన్ బ్రహ్మాండంగా వచ్చింది గానీ, మధ్యలో ముప్పై ఎనిమిది అని సైజు కూడా దిగింది.

అప్పుడు పడింది ఆమె చూపు, గోడకి వేలాడుతున్న రొట్టె మీద.

దూర ప్రయాణం పోయేవాడు గడప దాటేముందు రొట్టె ఒక్క కాటు కొరుకుతాడు. మిగతాది గోడ మీద మేకుకి తగిలిస్తారు. దాన్ని తినాల్సింది అతనే కనక, మనిషి తిరిగొచ్చి తీరతాడని నమ్మకం. మామగారు సోబిర్‌జాన్ తొమ్మిదేళ్ల కిందట లారీ తోలడానికి రష్యా పోయాడు. ఆరేళ్లుగా ఫోన్ లేదు. అక్కడ ఇంకో సంసారం పెట్టాడని వీధంతా అనుకుంటుంది, సనోబర్ వినేలా మాత్రం ఎవరూ అనరు. ఆవిడ లేవగానే ఆ రొట్టె దుమ్ము దులుపుతుంది, కాటుని వేలితో ఒకసారి తడుముతుంది, అప్పుడు గానీ టీ ముట్టదు. ఆవిడకి మిగిలిన ఆశంతా ఆ ఒక్క మేకు మీదే ఉంది.

"రాయిలా ఎండింది, ముద్ర చెక్కు చెదరలేదు. అత్తయ్య వచ్చేలోపు తగిలించేస్తే ఏం పోయింది?" అనుకుంది మతలూబ.

మొదటి రేకు మీద నగిషీ కళ్లకద్దుకునేలా దిగింది. రెండో రేకుకి కర్ర కాస్త గట్టిగా నొక్కింది. నగిషీ దిగింది, దాంతోపాటు రొట్టె ఠప్పున మూడు ముక్కలైంది.

కేకుకి రేకులు చుడుతూ ఆమె ఏడ్చిన ఏడుపుకి పక్కింటి హోజియా పరుగెత్తుకొచ్చింది. సంగతి విని, "ఏడవకే. అలాంటి రొట్టె కొని ఓవెన్లో ఎండబెట్టి తగిలిద్దాం. నువ్వే కొరుకు" అంది.

"మామయ్యకి ముందు పన్ను ఒకటి లేదు అక్కా! కాటు మధ్యలో చిన్న ముక్క నిలబడి ఉంటుంది. అత్తయ్య రోజూ తడిమేది దాన్నే."

హోజియా ఒక్క క్షణం ఆలోచించింది. "మా ఆయనకీ అదే పన్ను లేదు. ఇన్నాళ్లకి ఓ పనికొచ్చాడు!"

ఆమె భర్త మమసోలీ పోస్టాఫీసులో చేసి రిటైరైన మనిషి. కొనుక్కొచ్చిన రొట్టె చేతికిస్తే, టీ లేనిదే కొరకనన్నాడు. ఇచ్చారు. మతలూబ వాళ్ల వాకిట్లో నిలబడి ఒక కాటు కొరికాడు, రుచి తగిలి రెండోదానికి నోరు తెరిచేసరికి హోజియా లాగేసుకుంది. అంతలో అతని ముఖం పాలిపోయింది.

"ఒసేయ్, నేను రొట్టె కొరికానే! ఇప్పుడు నేనెక్కడికైనా పోవాలేమో?"

"పో. బజారుకి పోయి ఉల్లిపాయలు పట్రా."

తలుపు సందులోంచి ఎవరు చూశారో గానీ, పావుగంటలో మమసోలీ రష్యా పోతున్నాడని వీధంతా తెలిసిపోయింది. ఒకాయన అక్కడున్న కొడుక్కిమ్మని ఉన్ని మేజోళ్లు తెచ్చాడు. ఒకావిడ తమ్ముడికి ఎండు ఆప్రికాట్లు తెచ్చింది. ఓ ముసలమ్మ అతన్ని కావలించుకుని భోరుమంది.

"నేనెక్కడికీ పోవడం లేదు మొర్రో!" అని అరిచాడు మమసోలీ.

"పోయేముందు అందరూ అలాగే అంటార్లే బాబూ" అని ఓదార్చారు.

ఆ గుంపులోంచి గొడుగేసుకుని అదాలత్ ఖాలా వచ్చింది. కేకు చూసి, "అచ్చం రొట్టేనే! ఈ అచ్చు ఎక్కడ కొన్నావే?" అంటూ పెట్టె ఎత్తించుకుపోయింది. మతలూబకి సంతోషించే తీరిక లేదు.

సరిగ్గా అప్పుడే సనోబర్ వీధి మలుపు తిరిగింది. వానలో తన ఇంటి ముందు జనం, ఏడుపులు. చేతిసంచీ జారిపోయింది. "ఆయన సంగతేనా? నిజం చెప్పండి, ఆయన ఇక లేరా?" అంది.  లోపలికి వచ్చి బోసి మేకు చూసి చతికిలబడింది.

మతలూబ ఆవిడ కాళ్ల మీద పడింది. "మామయ్యకేం కాలేదు అత్తయ్యా! కేకు కోసం నేనే విరగ్గొట్టాను. నన్ను చంపేయండి!"

సనోబర్ ముక్కలకేసి చూసింది. లేచి వీధి తలుపు వేసింది.

"అది నాలుగోదే పిచ్చిదానా. మొదటిది ఎలుకలు తిన్నాయి. రెండోది బూజు పట్టింది. మూడోదాన్ని సున్నం వేస్తూ నేనే పడేశాను. ఆ కాట్లన్నీ నేను చాకుతో చెక్కినవే."

"మరి... మామయ్య మొదటి రొట్టె మీద కొరికినట్టే మీరు చెక్కారా?"

సనోబర్ రెండు ముక్కలు తీసి ఒకదానికొకటి ఆనించి చూసింది.

"మొదటిదాన్ని ఆయన కొరకనే లేదు. ఆకలి లేదన్నాడు. బస్సు పోతుందన్నాడు. నలుగురూ చూస్తారని, ఆయన వెళ్లాక అదీ నేనే చెక్కాను."

మతలూబకి దుఃఖం ఆగలేదు. తొమ్మిదేళ్లుగా ఆవిడ తడుముతున్నది తను చెక్కుకున్న కాటునేనా అనుకుంది. సనోబర్ మాత్రం ఏడవలేదు. రొట్టె పారేసే అలవాటు ఆ ఇంట్లో లేదు కనక ముక్కల్ని వేడి టీలో నానబెట్టి, సగం కోడలి ముందు పెట్టింది. తింటూ మమసోలీ కాటు సంగతీ, వీధి గోలా అంతా చెప్పింది మతలూబ.

"కొత్తది తగిలించనా అత్తయ్యా?"

"వద్దు. దాన్ని హోజియాకిచ్చెయ్. వీధి ఊరుకునేట్టు లేదు, మమసోలీ నిజంగానే పోవాల్సొస్తే పనికొస్తుంది."

చేతులు కడుక్కుని మేకుకేసి చూసింది. బోసిగా ఉంటే జనం అడుగుతారు. చుట్టూ వెతికి, మూల పడేసిన పారిస్ టవర్ల మ్యాట్ తీసి తగిలించింది.

"ఎవరన్నా అడిగితే, మీ మామయ్య ఇప్పుడు అక్కడున్నాడని చెప్పు."

అడిగారు, చెప్పింది, నమ్మారు. మ్యాట్ మీద పద్దెనిమిది టవర్లున్నాయి గానీ, వాటిలో ఏ టవర్ దగ్గరని ఇంతవరకూ ఎవరూ అడగలేదు.