శాలువా కప్పించుకున్న అణువు

కొండ్రుపాలెం మిర్చి వర్తక సంఘానికి ఈ ఏడాది ఒక డిస్ప్రోసియం అణువు అధ్యక్షుడిగా ఎన్నికైంది. ఎన్నిక ఏకగ్రీవం. ఇంతవరకూ అధ్యక్షులైన వాళ్లందరూ మనుషులు కావడం వల్ల పొద్దున ఒకవైపు, సాయంత్రం ఒకవైపు మొగ్గుతూ వచ్చారనీ, ఒక్క అణువే అయితే తనలో తాను గ్రూపులు కట్టే వీలుండదనీ తీర్మానంలో రాసుకున్నారు.

ఆ పేరు ప్రతిపాదించింది మాజేటి కోటిలింగం. ఊళ్లోని మిర్చి యార్డు గోడకు ఆనుకునే ఆయన కోల్డ్ స్టోరేజీ ఉంది. యార్డును ఊరవతల బైపాసు పక్కకు మార్చాలని సంఘంలో సగం మంది పట్టుబట్టారు. మారితే ఆయన కోల్డ్ స్టోరేజీలో చల్లగాలి తప్ప సరుకు మిగలదు. మిగతా సగం ఆయన వైపు ఉన్నారు గనక అధ్యక్షుడి ఓటే తేల్చాలి. చలవ ఉన్నన్నాళ్లే ఏదైనా నిలవ ఉంటుందన్నది ఆయన జీవితమంతా చేసిన వ్యాపారం. అధ్యక్షుడి విషయంలోనూ అదే లెక్క వేశాడు.

అణువును తయారుచేసింది యూనివర్సిటీలో పనిచేసే ఆయన మేనకోడలు హైమవతి. డిస్ప్రోసియం అనే అరుదైన లోహపు పరమాణువును నడుమ కూర్చోబెట్టి పైన ఒక కర్బన వలయం, కింద ఒక కర్బన వలయం బిగించింది. అది బుల్లి అయస్కాంతంలా పైకో కిందికో చూస్తుంది. ఒకసారి ఎటు చూస్తే, చలిలో ఉన్నంతకాలం అటే చూస్తుంది.

"పైనా కిందా ఎంత గట్టిగా బిగిస్తే అంత మాట మీద నిలబడుద్ది మామయ్యా. పక్కలు మాత్రం ఖాళీగా ఉండాలి. పక్కన ఎవడన్నా చేరాడా, గోడ ఎక్కే పని లేకుండా గోడలోంచే అవతలికి జారిపోద్ది," అంది హైమవతి.

"అదేం కొత్త కాదులేమ్మా. పోయినసారి ప్రెసిడెంటు అట్టాగే పోయాడు. గోడకి బెజ్జం కూడా కనపళ్ళా," అన్నాడు కోటిలింగం.

అధ్యక్షుడి నివాసానికి పశువుల ఆసుపత్రి నుంచి, గడ్డకట్టించే చలి నిచ్చే ద్రవ నత్రజని క్యాను తెచ్చారు. అంతకుముందు అందులో ఒంగోలు గిత్తల వీర్యం ఉండేది. ఆ కారణంగా ఇద్దరు సభ్యులు అభ్యంతరం చెప్పి, కడిగించాక ఉపసంహరించుకున్నారు. పెద్ద అయస్కాంతం ఒకటి క్యాను మీద పట్టి తీసేయడంతో ప్రమాణ స్వీకారం పూర్తయింది. అణువు ఎటు చూస్తోందో చెప్పడానికి క్యానుకు తగిలించిన మీటరులో ముల్లు పైకి నిలిచింది. పైకి అంటే యార్డు ఇక్కడే. కిందికి అంటే బైపాసు.

బైపాసు వర్గం నాయకుడు యలవర్తి భాస్కరం సకుటుంబంగా వచ్చి క్యానుకు దణ్ణం పెట్టాడు. బైపాసు పక్కన స్థలం ఇస్తానన్నాడు. చివరికి బెదిరించాడు. ముల్లు కదల్లేదు.

యార్డులో మిరప తొడిమలు తీసే ఆడవాళ్లకు పెద్ద ఆదెమ్మ. సభకు ముందు ఆమె కోటిలింగాన్ని గుమ్మంలో నిలేసింది.

"ఏం సేటుగారూ, ఈ పెసిడెంటన్నా మాట మీదుంటాడా? బైపాసుకి పోవాలంటే మా కూలంతా ఆటోవోడికే సరిపోద్ది."

"ఉంటాడు ఆదెమ్మా. పూచీ నాది."

సంఘం పుట్టినప్పటి నుంచి అధ్యక్షుడికి శాలువా కప్పకుండా సభ మొదలైంది లేదు. ఎదుటి వర్గం కంటే తక్కువ కాకూడదని కోటిలింగమే మేలైన ఉన్ని శాలువా తెప్పించి, క్యాను చుట్టూ కప్పబోయాడు.

"గౌరవం అధ్యక్షుల వారికా, డబ్బాకా?" అని లేచాడు భాస్కరం.

పాయింటు సరైనదే. కోటిలింగం క్యాను మీదికి వంగాడు. మూత తీసి, అధ్యక్షుడున్న గాజు గొట్టాన్ని పైకెత్తి, తన చేతుల్తోనే శాలువా చుట్టసాగాడు.

"వద్దు మామయ్యా, వేడెక్కుద్ది!" అని హైమవతి అరిచింది.

ఆయనకు వినిపించింది. కానీ అప్పటికే చప్పట్లు మొదలయ్యాయి. సగం కప్పిన శాలువా లాగేయడం అణువుకైనా అవమానమే. ముల్లు పైకీ కిందికీ ఊగింది. తిరిగి క్యానులో దించేసరికి కిందికి చూస్తూ బిగుసుకుపోయింది.

"అమ్ముడుపోయాడు," అన్నాడు కోటిలింగం.

"ఎవరూ కొనలేదు మామయ్యా. వెచ్చబడ్డాడు. మర్చిపోయాడు."

"మనుషుల్ని ఇట్టా బిగించే వీలు లేదా?"

"ఎంత చలి కావాలో ఇంకా తేలలా. గడ్డకట్టే దాకా చూశాం. శాలువా చూపిస్తే తిరిగిపోతున్నారు."

అధ్యక్షుడి ఓటు బైపాసుకే పడింది. కోటిలింగానికి ఇంకొక్క ఆధారం మిగిలింది. ఓడిన వర్గం నాయకుడు కూడా సంతకం చేస్తేనే తీర్మానం చెల్లుతుందని నియమావళిలో ఉంది. కోటిలింగం చేతులు కట్టుకుని కూర్చున్నాడు. గుమ్మం దగ్గర ఆదెమ్మా, ఆమె వెనక తొడిమల ఆడవాళ్లూ నిలబడ్డారు.

ఆయన పక్క కుర్చీ ఖాళీగా ఉంది. భాస్కరం వచ్చి అందులో కూర్చున్నాడు.

"బాబాయ్, బైపాసులో మొదటి ప్లాటు నీ కోల్డ్ స్టోరేజీకే. మూలది. రెండువైపులా రోడ్డు," అని చెవిలో అన్నాడు. అధ్యక్షుడి మీంచి తీసిన శాలువా ఆయన భుజాల మీద కప్పాడు.

బయట మే నెల ఎండ మండుతోంది. అయినా ఆ శాలువా వెచ్చగా, హాయిగానే ఉంది. కోటిలింగం కలం తీశాడు.

"సేటుగారూ, ఇటు చూడండి," అంది ఆదెమ్మ.

చూద్దామనే అనుకున్నాడాయన. మెడ అటు తిరగలేదు. అందరూ చప్పట్లు కొట్టారు. సభ తర్వాతి అంశానికి వెళ్లింది.