అమ్మ ఫోటోకి మొదటి బహుమతి

మా ఇంట్లో తగాదా దువ్వెన దగ్గర మొదలైంది. తల దువ్వుకుంటానని మా అమ్మ దోన్యా క్రెసెన్సియా అంది. మా ఆయన హసింతో దువ్వెన దాచేశాడు.

"ఏవయ్యా అల్లుడూ, నా జుట్టు మీద కూడా నీ పెత్తనమేనా?"

"నాదేముందత్తయ్యా, నగరసభ నోటీసు. జనం సహజ స్థితిలో ఉండాలిట."

నోటీసులో నిజంగానే అలా ఉంది. పత్రికలకు ఫోటోలు తీయడం నేర్చుకోవడానికి పదకొండు దేశాల విద్యార్థులు మా ఓహాకా రాష్ట్రంలోని ఊళ్ళన్నీ వదిలి మా కొండవాడను ఎంచుకున్నారు. కనుక వాళ్ళ శిక్షణ శిబిరం ముగిసేదాకా గోడలకు సున్నం వేయరాదు, వీధిలో గుంతలు పూడ్చరాదు. ఈ రెండో నిబంధనను నగరసభ ఇరవై ఏళ్ళుగా ముందుచూపుతో పాటిస్తూనే ఉంది.

ఫోటోలో పడినవారికి ఒక ప్రతి ఉచితం అని కూడా చివర రాశారు. అమ్మ ఆశంతా దాని మీదే. పోయాక ఏటా నవంబరులో, చనిపోయినవాళ్ళు ఇంటికొచ్చే పండుగకు బంతిపూల మధ్య పెట్టిన ఫోటోలో ఏ మొహం ఉంటే ఆ మొహంతోనే ఇంటికి రావాలని ఆమె నమ్మకం. ఓటరు కార్డు మీది మొహం కోడిని దొంగిలిస్తూ పట్టుబడినట్టుంటుంది. మా ఆయన ఫోనులో తీస్తే ఎప్పుడూ తల ఎగిరిపోతుంది. తల లేకుండా ఇల్లెలా గుర్తుపడతానంటుంది.

అందుకే దువ్వెన సంపాదించి, పగడాల పోగులు పెట్టుకుని, బుగ్గలకు రంగు రాసుకుని, మూడు రోజులు వాకిట్లో నవ్వుతూ కూర్చుంది. విద్యార్థులు ఆమెను మర్యాదగా పక్కకు జరగమని చెప్పి, వెనకనున్న కుంటికుక్కను ఫోటో తీసుకున్నారు. కుక్క సహజ స్థితిలో ఉంది.

ఎలాంటి మొహానికి కెమెరా తిరుగుతుందో వాడ త్వరగానే నేర్చుకుంది. ఎదురింటి రొట్టెల కొట్టాయన తల పట్టుకుని కూర్చోవడంలో నాలుగు దేశాల్లో పేరు తెచ్చుకున్నాడు.

నాలుగో రోజు పక్కింట్లో బాప్తిస్మం విందు. ఎనభై మందికి మోలే పులుసు. అమ్మ మాసిన గుడ్డ తలకు చుట్టుకుని పెనం మీద ఎండుమిరపకాయలు వేయిస్తోంది. ఘాటుకి కళ్ళూ ముక్కూ ఏకధార. ఇంగెబోర్గ్ అనే విద్యార్థిని పరుగున వచ్చి కెమెరా ఎత్తింది. ఆగమ్మా, మొహం కడుక్కొస్తాను అని అమ్మ బతిమాలింది. ఆ పిల్లకు మా భాష రాదు గానీ వేదన అర్థమైంది.

ప్రదర్శన రోజున అమ్మ తలుపంత ఎత్తున గోడకు వేలాడింది. కింద పేరు, 'ఆకలి'. మొదటి బహుమతి దానికే.

"ఈ కన్నీరు మన నగరానికే గర్వకారణం," అన్నారు మేయరుగారు. "ఇలాంటి కన్నీళ్ళకు ఇకముందు కూడా మా పాలకవర్గం పూర్తి ప్రోత్సాహం ఇస్తుంది."

హాలు చప్పట్లతో మారుమోగింది. కళ్ళొత్తుకుంటున్న ఒక విదేశీ అతిథి తన పళ్ళెంలోని సమోసాలాంటిదేదో తీసి అమ్మ చేతిలో పెట్టింది. అమ్మ కొరికి చూసి, ఉప్పు చాల్లేదంది.

చుట్ట చుట్టిన ఉచిత ప్రతి ఇంటికి వచ్చింది. అమ్మ విప్పనివ్వలేదు. ఆదివారం అందరం భోజనానికి కూర్చున్నాక చెంచా కింద పెట్టింది.

"ఏటేటా ఆ ఏడుపు మొహంతో నేను రాను. ఆ పెద్ద కెమెరాలవాళ్ళు నేను నవ్వుతుండగా తీసేదాకా చచ్చే పని లేదు. నిర్ణయించేశాను."

పత్రిక తిరగేసేటప్పుడు మీ చూపు ఎలాంటి ఫోటో దగ్గర ఆగుతుందో మాకు తెలుసు. అందుచేత అమ్మ ఆయుష్షు గురించి మాకే బెంగా లేదు.