పీటముడిపై దండయాత్ర

ఆకర్ణింపుడు, ఓ సభాసదులారా! పంకాలు గిరగిర తిరుగుచున్నను గాలి మాత్రము రాని ఆ కళాశాలా క్రీడామందిరమున, పోటీల కట్టకడపటి మధ్యాహ్నమున, శ్రీమదఖండ ప్లాస్టిక్ కుర్చీ సింహాసనాధీశ్వరియు, నీళ్ళసీసా ప్రదాన ధురంధరయు, తోటివారు వేసిన ప్రతి బాస్కెట్‌కును చప్పట్లు కొట్టి కొట్టి అరచేతులు కాయలు కాచినదియు నగు బెంచి వదలనందున బెంచిబామ్మ యని జట్టువారు పిలుచు వీరనారి, మహిళా బాస్కెట్‌బాల్ జట్టున చేరి మూడేండ్లయినను బరిలో పాదము మోపని దుఃఖమును దిగమింగుచు కూర్చుండెను. ఆమె చదువు ముగియవచ్చినది. ఇదే ఆఖరి ఆట. నేడు ఆడకున్న ఇక ఎన్నడును ఆడదు.

ఆమె తల్లి, కుట్టుమిషను ఆపి ప్రతి ఆటకును వచ్చినట్లే వచ్చి, ముందు వరుసలో ఆసీనురాలై, మా అమ్మాయి ఇంకాసేపట్లో దిగుతుందని పక్కవారికి చెప్పుచుండెను. మూడేండ్లలో పక్కవారు మారిరి గాని ఆ మాట మారలేదు. పాపం, తల్లి ప్రాణం!

అంతలో జట్టు చిత్తుగా ఓడుట ఖాయమయ్యెను. ఎవరిని దింపినను కొత్తగా పోయేదేమీ లేదని గ్రహించిన కోచ్ మేడమ్ వెనుకకు తిరిగి, "బామ్మా, నువ్వెళ్ళు" అనెను.

ఏమని చెప్పుదును! బెంచిబామ్మ దిగ్గున లేచెను. అలవాటు కొద్దీ కుర్చీయు ఆమెతోపాటు కొంత లేచెను. పైకోటు విసిరెను, ట్రాక్ ప్యాంటు బొందుపై చేయి వేసెను, వేసి కొయ్యబారెను. ఎలాగూ విప్పే పని పడదు గదా యని, జారకుండ పీటముడి బిగించుకొనుట బెంచిజనుల ఆచారము. నేటి ముడి మరీ ఘనము.

అంతట ఘోరసంగ్రామము ప్రజ్వరిల్లెను. గోళ్ళు విరిగెను. పక్క కుర్చీ వీరురాలు చిట్టెలుక మోకాళ్ళపై కూలబడి ముడిని పండ్లతో కొరికెను, పన్ను కదిలి వెనుకంజ వేసెను. ప్యాంటుతో బరిలోకి రానివ్వనని రిఫరీ మర్యాదగానే చెప్పి గడియారము వంక చూచెను. ఆటకు మిగిలిన ఊపిరి నిమిషము కూడా లేదు.

అప్పుడు బెంచిబామ్మ, "ఓరి దురాత్మా పీటముడీ! నడుమున పెట్టుకొని మోసిన పాపానికి నా ఆశయమునకే ఉరి బిగింతువా? కాచుకొమ్ము!" అని మనసులో గర్జించి, పైకి మాత్రము, "లాగండే బాబూ" అనెను.

బెంచిసేన రెండుగా చీలి చెరొక కాలు పట్టి లాగెను. ప్యాంటు ముడితో సహా ఊడివచ్చెను, సేన వెల్లకిల పడెను. లోపల ఆటనిక్కరు భద్రముగా నుండెను, కంగారు పడకుడు.

బరిలో దూకిన బెంచిబామ్మ, బంతి పట్టుకొన్న ప్రత్యర్థిపైకి చండమారుతమై దూసుకుపోయి, బంతి వదిలి ఆమె ముంజేతిని ఫెడీలున కొట్టెను. ఈల మ్రోగెను. పద్నాలుగో నంబరు అమ్మాయి ఫౌల్ చేసిందని మైకు పలికెను. తల్లి లేచి నిలబడి చప్పట్లు కొట్టెను. అది తప్పండీ అని పక్కామె చెప్పగా, ఏదైతేనేం, మా అమ్మాయే చేసిందని కొట్టుతూనే యుండెను. ఆట ముగిసెను.

తల్లి బరి చెంతకు వచ్చి, బిడ్డ మెడపై చేయి వేసి, జెర్సీని తడిమి చూచెను.

"తడిసిందే! ఇన్నాళ్ళూ దులిపి మడతపెట్టేదాన్ని. ఇవాళ ఉతకాలమ్మా."

బెంచిబామ్మ వెక్కి వెక్కి ఏడ్చెను, ఆనందముతోనే. కావున దిక్కులు పిక్కటిల్ల చాటుచున్నాను, వినుడు: జట్టు ఓడెను, జెర్సీ మాసెను, జయము మనదే!