ఏడో నంబరు ఎగ్జిబిట్

మన సాంస్కృతిక శాఖ మంత్రిగారు తమ జీవితాన్ని సమకాలీన కళగా ప్రకటించారు. పత్రికా సమావేశంలో ఆయన అన్న మాట యథాతథంగా రాస్తున్నాను: "నా ప్రయాణమే ఈ దేశ రాజకీయ చరిత్ర. ఎక్కడైనా తేడా ఉంటే చరిత్రే సరిచేసుకోవాలి." విలేకరులు చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. గ్యాలరీలో కాపలా ఉద్యోగం నాది. చప్పట్లు డ్యూటీలో భాగమో కాదో ఎక్కడా రాసిలేదు కాబట్టి ముందుజాగ్రత్తగా కొట్టేస్తుంటాను.

మొత్తం ఏడు ఎగ్జిబిట్లు. మొదటిది ఆయన దేశమంతా పాదయాత్ర చేసిన చెప్పులు. అడుగున ఒక్క గీత పడలేదు, అంత సుకుమారంగా నడిచారు. రెండోది ఆయన ఇంతవరకూ ఉన్న నాలుగు పార్టీల జెండాలు కలిపి కుట్టిన దుప్పటి. ఎటు తిప్పి కప్పుకున్నా వెచ్చగానే ఉంటుందని ఆయనే స్వయంగా వివరించారు. మూడు నుంచి ఆరు దాకా ఫొటోలు. ఏడోది అసలైనది, జైలు గది.

నలభై ఏళ్ల కిందట అప్పటి నియంతను ఎదిరించి మంత్రిగారు పదకొండు నెలలు జైల్లో మగ్గిన సంగతి అందరికీ తెలుసు. ఆయనే చెప్పారు కాబట్టి తెలుసు. ఆ గదిని ఉన్నదున్నట్టు కట్టే పని ఒక శిల్పికి అప్పజెప్పారు. ఆవిడ మహా పట్టుదల మనిషి.

"సార్, కిటికీ ఏ వైపు ఉండేది?"

"తూర్పు. సూర్యోదయం చూసే కదమ్మా నేను కవిత్వం మొదలుపెట్టింది."

మర్నాడు ఆయనే ఫోన్ చేశారు. "పడమర అనుకుంటా. సూర్యాస్తమయం మీద కూడా ఒకటి రాశాను."

ఆవిడకి విసుగొచ్చి, ఆ జైల్లో అప్పుడు జైలర్‌గా చేసి రిటైరైన ముసలాయన్ని వెతికి పట్టుకొచ్చింది. "తాతగారూ, సార్ ఉన్న గది ఎలా ఉండేది?" అని అడిగింది. ఆయన గోడ మీది మంత్రిగారి ఫొటోని కాసేపు చూశాడు. "గది కొలతలు చెప్తాను, రాసుకో తల్లీ" అన్నాడు. ఆరడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవు, తలుపుకి పదమూడు ఊచలు. కిటికీ లేదు. అంతవరకే చెప్పి చేతికర్ర అందుకున్నాడు.

గది తయారయ్యేసరికి మంత్రిగారిలోని కళాకారుడు మేలుకున్నాడు. "ఖాళీ గది ఏం చెప్తుందమ్మా? ప్రారంభం రోజు నేనే లోపల ఉంటాను. పది నుంచి ఆరు దాకా, లైవ్."

"ఉంటే నిజంగా ఉండాలి సార్. మధ్యలో కాఫీలూ ఫోన్లూ అంటే అది కళ కాదు, మీ ఆఫీసు."

మంత్రిగారికి పౌరుషం పొడుచుకొచ్చింది. అప్పటికప్పుడు ఉత్తర్వు చెప్పి రాయించి సంతకం పెట్టారు. ఒకటి, సాయంత్రం ఆరు దాకా ఎగ్జిబిట్ ఎంత బతిమాలినా తలుపు తీయరాదు. రెండు, ఎగ్జిబిట్‌కి ఏ వస్తువూ అందించరాదు. మూడు, ఎగ్జిబిట్ స్వహస్తాలతో రాసిస్తే తప్ప ఈ ఉత్తర్వు రద్దు కాదు. తాళంచెవి నా చేతిలో పెట్టి, "నేను ఏడ్చినా తియ్యకు. ఆ రోజుల్లో జైలర్ తీశాడా?" అన్నారు. నా కళ్లు చెమర్చాయి.

నేనసలే, ఎగ్జిబిట్ అని తెలియక ఒక కుర్చీలో కూర్చుని పోయిన నెలే మెమో తిన్నవాణ్ణి. ఇంకొకటి వస్తే ఇక ఇంటికే. అందుకని ఉత్తర్వంతా బట్టీ పట్టేశాను.

ప్రారంభం రోజు జనం విరగబడ్డారు. మంత్రిగారు నేల మీద కూర్చుని శూన్యంలోకి చూస్తూ బ్రహ్మాండంగా మగ్గారు. ముసలి జైలర్ కూడా వచ్చి వెనకాల గోడకి ఆనుకుని నిలబడ్డాడు. రెండున్నరకి మంత్రిగారి బావమరిది రొప్పుకుంటూ వచ్చాడు. బావగారి ఫోనూ కోటూ మోయడమే ఇతని ఉద్యోగం.

"బావగారూ, ప్రధాని ఆఫీసు నుంచి ఫోను. ఉపప్రధాని పదవి మనకేనట. నాలుగింటికి ప్రమాణస్వీకారం. టైముకి మనిషి కనబడకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తారట."

ఇరవై ఏళ్లుగా ఆయన కలలోకొస్తున్న పదవి అది. చటుక్కున లేచి ఊచలు పట్టుకున్నారు.

"తలుపు తియ్యవయ్యా."

"ఆరింటికి సార్."

"నేను మంత్రిని. నా ఉత్తర్వు నేనే రద్దు చేస్తున్నాను."

"రాసివ్వండి సార్."

"పెన్నివ్వు."

"ఎగ్జిబిట్‌కి ఏమీ అందించకూడదు సార్. రెండో క్లాజు."

హాలు దద్దరిల్లేలా చప్పట్లు. ఒక కళావిమర్శకుడు, పదవి మీద మనిషికుండే యావని ఇంత నిజాయితీగా చూపించినవాళ్లు లేరంటూ గబగబా రాసుకున్నాడు.

"బాబ్బాబు, నీ ఉద్యోగం పర్మనెంటు చేయిస్తాను. తియ్యి నాయనా."

అబద్ధమెందుకు, నా చెయ్యి జేబులోకి వెళ్లింది. ఇంతలో శిల్పి వచ్చి, "చూశారా, బతిమాలుతున్నారు. మొదటి క్లాజులో ముందే రాశారు. ఎంత దూరదృష్టో" అంది. నేను చెయ్యి తీసేసుకున్నాను.

బావమరిది గడియారం చూసుకున్నాడు. "మీరు కంగారుపడకండి బావగారూ. నేను వెళ్లి కాస్త టైమడుగుతాను."

"కోటెందుకురా?"

"అంత పెద్దవాళ్ల దగ్గరికి ఇలా వెళ్తే ఏం బాగుంటుంది?" అంటూ తొడుక్కున్నాడు. భుజాల దగ్గర కాస్త వదులు, అంతే.

నాలుగింటికి ఎవరి ఫోన్‌లోనో ప్రమాణస్వీకారం వినిపించింది. గొంతు బావమరిదిది. అప్పుడు మంత్రిగారు పెట్టిన కేక ఉందే, అది నేను వర్ణించలేను. దానికి జనం మూడు నిమిషాలు ఆగకుండా చప్పట్లు కొట్టారు.

ఆరింటికి ఠంచనుగా తాళం తీశాను. మంత్రిగారు కదల్లేదు.

"బయట మనవాళ్లెవరున్నారు?"

"ఎవరూ లేరు సార్. కొత్త ఉపప్రధానిగారిని అభినందించడానికి వెళ్లారు."

"కారు?"

"అందులోనే వెళ్లారు సార్."

ఆయన ఊచల్ని ఒకసారి నిమిరారు. "చప్పట్లు బాగానే పడ్డాయి కదూ?"

"దద్దరిల్లింది సార్."

"రేపు ఎన్నింటికి తెరుస్తారు?"

"పదింటికి."

"అయితే తాళం వేసెయ్యి."

వేసేశాను. వెళ్లేముందు సందర్శకుల పుస్తకం సర్దబోతే, ఆఖరి పేజీలో జైలర్ రాసింది కనబడింది. వణికే అక్షరాలు, అయినా తప్పుల్లేవు.

"అయ్యా, ఆనాడు మీ పేరు రిజిస్టర్లో ఎక్కించి, గది ఊడ్పించి, దుప్పటి మడతపెట్టించి, పదకొండు నెలలు ఎదురుచూశాను. మొత్తానికి వచ్చారు. చాలా సంతోషం."