దేవవ్వ జొన్నలకు మార్గదర్శకాలు

సరిహద్దు గ్రామాల ఆహార భద్రతను బలోపేతం చేసేందుకు ఏర్పడిన ఉభయ రాష్ట్రాల సహకార సమితి తొలి ఏడాదిలోనే ఘనవిజయం సాధించిందని, దాని సభలకు వెళ్లే నిజామాబాద్ వాసులుగా తెలియజేయడానికి సంతోషిస్తున్నాం.

ఈ విజయానికి మూలం దేవవ్వ. బోధన్ దగ్గర మంజీర ఒడ్డున ఆమెకు ఎకరం వరి, ఒక బర్రె ఉన్నాయి. అవతలి ఒడ్డున, మహారాష్ట్రలో, ముక్తాబాయి జొన్న పండిస్తుంది. ఇరవై ఏళ్లుగా దేవవ్వ బియ్యమూ, పొలానికి బర్రె పెంటా అటు పంపేది. ముక్తాబాయి జొన్నలూ, బర్రెకు చొప్పా ఇటు పంపేది. ఇంత గొప్ప వ్యవస్థ అయ్యూబ్ ట్రాలీ ఆటోలో ఏ పర్యవేక్షణా లేకుండా నడిచిపోతుండేది.

సమితి అధ్యక్షుడు భానుప్రసాద్ గారు ఒకరోజు ఆ ఆటోను ఆపి, బుట్టలోకి తొంగిచూసి, ఉద్వేగానికి లోనయ్యారు.

"ఇది రాష్ట్రాల మధ్య సహకారం. ఇది చక్రీయ ఆర్థిక వ్యవస్థ" అన్నారు.

"గిది పెంట సారూ" అంది దేవవ్వ.

వెంటనే దాన్ని బలోపేతం చేయాలని తీర్మానించారు. మొదటి చర్యగా ఆపేశారు. మార్గదర్శకాలు వచ్చేవరకు అటుది ఇటు రారాదు, ఇటుది అటు పోరాదు.

"పర్మిట్ ఎవ్వరిస్తరు సాబ్?" అని అయ్యూబ్ అడిగాడు. ఇచ్చే అధికారిని ఇంకా నియమించలేదని మర్యాదగా చెప్పారు.

బోధన్ ఫ్యాక్టరీలో చక్కెర తయారవడం ఆగి ఏళ్లయినా దేవవ్వ ఒంట్లో మాత్రం ఆగలేదు. అన్నం మానేసి జొన్నరొట్టె తినమని డాక్టరు చెప్పాడు. ఇప్పుడు రొట్టె లేక ఆమె కాళ్లు తిమ్మిరెక్కసాగాయి. చొప్ప లేక బర్రె పాలు తగ్గించింది. పొద్దున్నే మేత లేని గాడి ముందు నిలబడి అది దేవవ్వ వైపు చూస్తుంటే, ఆమె ముఖం తిప్పుకునేది. "గిన్నేండ్లల్ల దానికి నేనెన్నడు జవాబు చెప్పలేక పోలేదు" అని అయ్యూబ్‌తో అంది.

సమితి చేతులు ముడుచుకు కూర్చోలేదు. నిజామాబాద్‌లో ఒక ఫంక్షన్ హాల్లో నెలనెలా సమీక్ష పెట్టింది. ఆదర్శ మహిళలుగా ఇద్దరినీ కార్లు పంపి రప్పించింది. హాజరైన ప్రతివారికీ ఒక జనపనార సంచి, అందులో ఒక ఫైలు.

మొదటి సమావేశంలో వాళ్లిద్దరూ పక్కపక్కన కూర్చుని, రెండున్నర గంటల ఉపన్యాసమంతా ఒకరి చేయి ఒకరు పట్టుకునే ఉన్నారు.

"అక్కా, నీ కాళ్లు వాచినయి" అంది ముక్తాబాయి, తనకొచ్చిన తెలుగులో.

"ఏం జెయ్యాలె. జొన్నలు లేకపాయె."

ముక్తాబాయి సంచి వైపు చూసింది. దేవవ్వ కూడా చూసింది.

రెండో సమావేశానికి ముక్తాబాయి సంచిలో ఐదు కిలోల జొన్నలు, దేవవ్వ సంచిలో ఐదు కిలోల బియ్యం వచ్చాయి. భానుప్రసాద్ గారు నేల సారంపై మాట్లాడుతుండగా బల్ల కింద సంచులు మారాయి. చొప్పకు, పెంటకు సంచి సరిపోదు గనుక ఆ అంశం వాయిదా పడింది.

నాలుగో నెలలో ఒక సంచి చిరిగి, జొన్నలు వేదిక దాకా దొర్లాయి. ముక్తాబాయి చిరిగిన సంచిని కొంగు కింద దాచబోయింది. దేవవ్వ లేచి నిలబడింది.

"నేనే తెమ్మన్న సారూ. ఆమెనేం అనకుండ్రి."

భానుప్రసాద్ గారు వంగి, ఒక గింజను ఏరి, వెలుతురుకు పట్టి చూశారు. ఏడాది నివేదికలో ఈ వాక్యం అలా చేరింది: "సమితి కృషి ఫలితంగా రెండు రాష్ట్రాల మధ్య నెలకు ఐదు కిలోల జొన్నల మార్పిడి ప్రారంభమైంది. అంతకుముందు నమోదైన మార్పిడి శూన్యం."

సమితికి అవార్డు వచ్చింది. వేదిక మీద దేవవ్వకు శాలువ కప్పి మాట్లాడమన్నారు.

"శాలువ మంచిగున్నది. మా ఆటో ఎప్పుడిడుస్తరు?" అంది.

అందరం చప్పట్లు కొట్టాం. వచ్చే ఏడాది లక్ష్యం పది కిలోలని ప్రకటించారు.

ఆ స్ఫూర్తితో నిజామాబాద్‌లోని మా అపార్టుమెంటుకు కూడా ఒక శాఖ కావాలని నలభై కాపురాలవాళ్లం సంతకాలు చేశాం. సమితి నుంచి సింధూజ అనే అధికారిణి విచారణకు వచ్చింది.

"ఇక్కడ ఎవరు ఎవరికి ఏమిస్తారు?" అని అడిగింది.

మేం చాలాసేపు ఆలోచించాం. ఎదురు తలుపువాళ్ల పేరేమిటో కూడా ఆలోచించాం. చివరికి, కొరియర్ వస్తే తీసి పెడతామని మూడో అంతస్తు నుంచి ఒకాయన అన్నాడు.

వారంలో జవాబు వచ్చింది. దరఖాస్తు తిరస్కరించారు. కారణం ఒక్క ముక్కలో రాశారు: "మేము ఆపడానికి ఇక్కడ ఏమీ నడవడం లేదు."