మొండి అమ్మకందారే మహాభాగ్యం

ఇల్లు కొనబోయేవాళ్లకు దేవుడు నిజంగా మేలు చెయ్యాలనుకుంటే చవక ఇల్లు చూపించడు. మొండి అమ్మకందారును చూపిస్తాడు!

నవ్వకండి. పద్దెనిమిదేళ్లుగా నా వృత్తి ఇదే. కొనేవాళ్ల తరఫున వెళ్లి, అమ్మేవాళ్ల ఎదురుగా కూర్చుని, వాళ్ల టీ తాగుతూ వాళ్ల ఇంటికే వంకలు పెడతాను. నా కార్డు మీద 'నెగోషియేషన్ కన్సల్టెంట్' అని ఉంటుంది. మా ఆవిడ మాత్రం దాన్ని నోటి దురుసు అంటుంది. ఆవిడకు ఇంగ్లీషు రాక కాదు.

అడగ్గానే ఒప్పుకునే అమ్మకందారు ఎంత ప్రమాదకరమో మీకు తెలియదు. ఒక బ్యాంకు గుమస్తా భయపడుతూ ఒక ధర చెప్పాడు. ఇంటాయన వెంటనే సరే అన్నాడు. అంతటితో గుమస్తాకు మనశ్శాంతి పోయింది. ఎందుకు సరే అన్నాడు? గోడలో ఏముంది? పునాదిలో ఏం లేదు? ఆ ఇంట్లో చేరి నాలుగేళ్లయింది. ఇప్పటికీ ఆయన స్నానానికి వెళ్లేముందు గోడకు చెవి పెట్టి వింటాడట.

అదే మొండివాడైతే ఎంత హాయి! ఒక పళ్ల డాక్టరు ఇల్లు అమ్ముతానన్నాడు గానీ తలుపుల గొళ్లేలు ఇవ్వనన్నాడు. బతిమాలి గొళ్లేలకు ఒప్పిస్తే, స్విచ్ బోర్డులు తన సెంటిమెంటు అన్నాడు. కొనేవాళ్లు మొగుడూ పెళ్లాలు. నా దగ్గరికి వచ్చేనాటికి ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం మానేసి ఏడాది దాటింది. ఐదు వారాల బేరం ముగిసేసరికి, ఆ డాక్టరును తిట్టుకోవడానికి ఇద్దరికీ రోజంతా చాలడం లేదు. ఏ కౌన్సెలర్ చెయ్యగలడండీ ఈ పని?

ఇంకొక దర్జీ ఉన్నాడు. తన ఇంటిని తన టేపుతోనే కొలవాలన్నాడు. ఆ టేపు పాతికేళ్ల వాడకంలో కుంచించుకుపోయి, మంచం పట్టని గది ఆయన లెక్కలో హాలయింది. మావాళ్లు మూడు నెలలు ఓపిక పట్టారు. ఇప్పుడు వాళ్లు ఎవరితోనూ గొడవ పడరు. మొండివాడు మనిషికి సహనం నేర్పుతాడు, నటన నేర్పుతాడు, అన్నిటికీ మించి నాలాంటివాడికి పని కల్పిస్తాడు. ఆ చివరిది ముందే చెప్పాల్సింది. మొహమాటం అడ్డొచ్చింది.

ఇక నా పద్ధతి వినండి. ఇల్లు నచ్చినట్టు ముఖంలో కనపడకూడదు. ప్రతి గదిలోనూ ఏదో ఒక లోపం పైకి అనాలి. కొనేవాళ్లు ఎక్కడైనా మెత్తబడితే నేను ఒక దగ్గు దగ్గుతాను. దగ్గు వినపడగానే వాళ్లు వంక పెట్టాలి. ఇది పూర్తిగా నేను కనిపెట్టిన విద్య. పేటెంటు తీసుకోలేదు, అంత నిరాడంబరుణ్ణి.

కిందటి నెల ఈ విద్యను మా చెల్లెలి కోసం ప్రయోగించాను.

ఎనిమిదేళ్లలో తను ఐదు అద్దె ఇళ్లలో కాపురం చేసింది. ఐదో ఇంటి ఓనరు నెలాఖరుకల్లా ఖాళీ చెయ్యమన్నాడు. ఆరేళ్ల మా మేనకోడల్ని స్కూల్లో అడ్రసు అడిగితే, "ఇప్పటిదా, ఇంతకుముందుదా?" అంటుందట. ఎలాగైనా సొంత గూట్లో పడాలని చెల్లెలూ బావగారూ వెతగ్గా వెతగ్గా ఒక ఇల్లు నచ్చింది.

అది రిటైరైన ఒక నర్సమ్మగారిది. రెండంతస్తుల చిన్న ఇల్లు. మోకాళ్ల నొప్పులతో మెట్లెక్కలేక, వాళ్ల అక్కగారుండే వీధిలో కింది వాటా చూసుకున్నారు. చెప్పిన ధర నుంచి అంగుళం కదలరని ఆవిడకు పేరు. ఆ మాట విని నేనెంత పొంగిపోయానో!

కారులో వెళ్తుంటే చెల్లెలు అంది, "అన్నయ్యా, ఆ వంటింటి కిటికీ నువ్వు చూడలేదు. అక్కడ నిలబడితే ఇంక కదలబుద్ధి కాదు."

"ఆ మాట ఆవిడ ముందు అన్నావో, మన కొంప మునిగినట్టే" అన్నాను.

అమ్మకానికని నర్సమ్మగారు అప్పుడే లోపలంతా సున్నం వేయించారు. గడప దాటగానే నాకు దగ్గొచ్చింది. నిజం దగ్గు.

చెల్లెలు ఉలిక్కిపడి, "హాలు ఇరుకండీ" అంది. మళ్లీ దగ్గాను. "వెలుతురు కూడా తక్కువే" అన్నారు బావగారు, మిట్టమధ్యాహ్నపు ఎండకు కళ్లు చికిలించుకుంటూ. నేను వద్దు వద్దని చెయ్యి ఊపాను. ఇంకా గట్టిగా అనమంటున్నానని అనుకున్నారు పాపం. పై గదికి వెళ్లేసరికి నాకు ఊపిరి ఆడలేదు, వాళ్లకు వంకలు దొరకలేదు. "ఈ గదికి మూలలు ఎక్కువ" అన్నారు బావగారు. నేను లెక్కపెట్టాను. నాలుగే ఉన్నాయి.

చివరికి వంటింట్లోకి వచ్చాం. చెల్లెలు కిటికీ దగ్గర ఆగిపోయింది. చెయ్యి దానంతట అదే వెళ్లి కిటికీ అంచు నిమిరింది. సరిగ్గా అప్పుడే నాకు మళ్లీ దగ్గు తెర.

"ఈ కిటికీ మూయించెయ్యాలి" అంది చెల్లెలు నేలచూపులు చూస్తూ.

మా వెనకే వస్తున్న నర్సమ్మగారు ఇదంతా చూస్తూనే ఉన్నారు. నాకు వేడినీళ్లిచ్చి, మణికట్టు పట్టుకుని నాడి చూశారు. "మీకు సున్నం పడదు బాబూ, బయట కూర్చోండి" అన్నారు. చెల్లెలి వైపు తిరిగి, "మూయించడానికైతే ఈ ఇల్లెందుకు అమ్మాయ్? నిదానంగా ఆలోచించుకుని చెప్పు" అన్నారు.

బయటికి వచ్చాక నా అసలు పాండిత్యం బయటపెట్టాను. ముందు ఫోన్ చేసినవాళ్లు ఓడినట్టే కాబట్టి, ఆవిడే చేసేదాకా మనం కదలకూడదన్నాను.

మర్నాడు చెల్లెలు, "నేనొక్కసారి వెళ్లి మాట్లాడిరానా?" అంది. వద్దన్నాను. ఆ మర్నాడు రెండుసార్లు అడిగింది. "ఆవిడ మెత్తబడుతోంది, నాకు తెలుసు" అన్నాను. మూడో రోజు తను అడగలేదు. నాలుగో రోజు ఇల్లు అమ్ముడుపోయింది.

కొన్నది ఒక బస్సు డ్రైవరు కుటుంబం. వాళ్లకు కన్సల్టెంటు లేడు. వచ్చారు, చూశారు, ఇల్లు చాలా బాగుందమ్మా అన్నారట. అంతే. నర్సమ్మగారు తనంతట తనే ధర తగ్గించి, వంటింటి అల్మరా కూడా వాళ్లకే వదిలేశారట. అంగుళం కదలని మనిషి!

ఉండబట్టలేక నేనే ఫోన్ చేశాను. వృత్తిపరమైన ఆసక్తి అని నాకు నేను చెప్పుకున్నాను.

"మీ చెల్లెలికి ఇల్లు నచ్చిందని నాకు తెలుసు బాబూ, కిటికీ దగ్గర చూశాగా" అన్నారావిడ. "ఒక్కతే వస్తుందేమోనని మూడు రోజులు ఎవరికీ మాట ఇవ్వలేదు. వస్తే తను ఎంతంటే అంతకే ఇచ్చేద్దామనుకున్నా."

"తప్పు నాదేనమ్మా" అన్నాను. నోటితో బతికేవాడికి అది మొదటిసారి.

మొండి అమ్మకందారు మహాభాగ్యమని ఇంతసేపూ మిమ్మల్ని నమ్మించబోయాను. క్షమించండి. ఆవిడ మొండి మనిషే కాదు. ఆ బేరంలో మొండివాడు ఒక్కడే ఉన్నాడు, వాడు కొనేవాళ్ల పక్షాన కూర్చుని వేడినీళ్లు తాగాడు. నచ్చిందన్న ఒక్క మాటతో తేలిపోయే బేరాలు ఈ పద్దెనిమిదేళ్లలో ఎన్ని చెడగొట్టానో తలుచుకుంటే సిగ్గేస్తోంది.

నెలాఖరుకు వాళ్లు ఆరో అద్దె ఇంటికి మారారు. బీరువా ఒక పక్క నేనే మోశాను. ఎవరూ నన్నేమీ అనలేదు, అంటే బాగుండేది.

ఈ ఆదివారం ఇంకో ఇల్లు చూడబోతున్నారని తెలిసి, ఏ వీధిలో అని అడిగాను. బావగారు చెప్పబోయారు.

"అన్నయ్యకి చెప్పకండి" అంది చెల్లెలు, నా ఎదురుగానే.