చుట్టాలు రాని కాలనీ

ఆ శ్రావణ ఆదివారం సారంగపాణి వేసుకున్న పథకం చాలా చిన్నది. పొద్దున ఏడింటికల్లా ఎవరికీ చెప్పకుండా భార్యతో హసన్‌పర్తి పోవాలి, ఇల్లు చూడాలి, నచ్చితే మాట ఇచ్చేసి పదింటికి వచ్చి దుకాణంలో కూర్చోవాలి.

వరంగల్ చౌరస్తాలో అతనికి స్టీలు సామాన్ల దుకాణం, దాని మీదే ఇల్లు. రైల్వే స్టేషనూ బస్టాండూ నడిచి పోయేంత దూరం. ఇంత సౌకర్యమైన చోట ఇల్లు కట్టినందుకు చనిపోయిన తండ్రిని సారంగపాణి ఇరవై ఏళ్లుగా మనసులో తిట్టుకుంటున్నాడు. దవాఖానకు వచ్చినవాళ్లు, కోర్టు వాయిదాకు వచ్చినవాళ్లు, పెళ్లి బట్టలు కొనడానికి వచ్చినవాళ్లు, బస్సు తప్పిపోయినవాళ్లు, తప్పిపోతుందేమోనని ముందురోజే వచ్చినవాళ్లు, అందరూ ఆ మెట్లే ఎక్కుతారు. మేడారం జాతర వచ్చిన ఏడాది బాత్రూం ముందు వరుస వీధిలోకి వస్తుంది. ప్రస్తుతం అతని మంచం మీద అక్క సమ్మమ్మ మరిది పడుకుంటున్నాడు, పన్ను పీకించుకోవడానికి వచ్చి. ఒక్క పన్ను, పదకొండు రోజులు. సారంగపాణి మాత్రం దుకాణంలో బిందెల మధ్య చాప పరుచుకుంటున్నాడు. అతనికి యాభై ఎనిమిదేళ్లు. ఎవరి మీదా కోపం లేదు, ఒళ్లంతా అలసట తప్ప.

అలాంటి మనిషికి పేపర్లో హసన్‌పర్తి దగ్గరి 'ప్రశాంతి మెడోస్' ప్రకటన కనబడింది. మీ జీవనశైలికి, మీ విలువలకు తగిన కాలనీ అని రాసి ఉంది. తనకొక జీవనశైలి ఉన్నట్టు సారంగపాణికి అప్పటిదాకా తెలియదు. కానీ కింద చిన్న అక్షరాల్లో, అనుమతి లేని అతిథులను గేటు లోపలికి రానివ్వరని ఉన్న వాక్యాన్ని నాలుగుసార్లు చదివాడు. అతనికి కావలసిన విలువ అదే.

బయల్దేరేటప్పుడు భార్య వినోద చేతిలో రెండు పాల ప్యాకెట్లు, ఒక కొత్త గిన్నె, పసుపు కుంకుమల పొట్లం ఉన్నాయి.

"గవెందుకు?" అన్నాడు సారంగపాణి.

"ఆ ఇల్లమ్మే సావిత్రమ్మ ఫోన్ల ఏమన్నది? వాళ్ల కాలనీల పాలు ఎనిమిది దాటితే గని రావన్నది. మనం పోంగనే చాయ్ పెట్టాలంటె ఆమెకు ఇబ్బంది గాదా? ఇగ ఆడమనిషి ఇంటికి ఒట్టి చేతులతోని పోతమా, శ్రావణమాసం పూట?"

న్యాయమైన మాటే. కింద పూలమ్మే మొగిలమ్మ తలెత్తి చూసింది. "ఎటు సేటూ, పొద్దుగాల పొద్దుగాల?"

"ఎటు లేదు. ఊకనే," అని సారంగపాణి గబగబా పోశయ్య ఆటో ఎక్కాడు.

శ్రావణమాసంలో, మంచి ఘడియలో, పాలూ కొత్త గిన్నే పసుపూ కుంకుమా పట్టుకుని మొగుడూపెళ్లాలు 'ఊకనే' ఎటు పోతారో తెలుసుకోలేనంత అమాయకురాలు కాదు మొగిలమ్మ. ఆటో మలుపు తిరగకముందే ఆమె రంగశాయిపేటలో ఉన్న సమ్మమ్మకు ఫోన్ చేసింది. "అవ్వా, నువ్వింకా ఇంట్లనే ఉన్నవా? మీ తమ్ముడు కొత్తింట్ల పాలు పొంగియ్య పోతాండు గదా!"

అక్కడ సమ్మమ్మ చేతిలో చాయ్ గ్లాసు అట్లాగే ఆగిపోయింది. తమ్ముడి గృహప్రవేశంలో పాలు పొంగించాల్సింది ఆడబిడ్డ. అది ఆమెకు పుట్టుకతో వచ్చిన హక్కు. ఆ హక్కును ఎవరికీ చెప్పకుండా మింగేసిన తమ్ముణ్ని ఏం చేయాలో ఆమె తర్వాత ఆలోచిద్దామనుకుంది. ముందు పంతులుకు ఫోన్ చేసి తొమ్మిదీ ఇరవై దాకా మంచి ఘడియ ఉందని కనుక్కుంది. తర్వాత మిగతా చుట్టాలందరికీ ఫోన్ చేసింది.

ప్రశాంతి మెడోస్‌లో చెట్లు కూడా మెల్లగా ఊగుతున్నట్టు కనబడ్డాయి. ఇల్లు అమ్ముతున్న రాజేశ్వర్ రావు కరెంటాఫీసులో ఇంజనీరుగా రిటైరై, ఇప్పుడు కాలనీ సెక్రటరీగా ఉన్నాడు. అక్కడి నియమాలన్నీ ఆయన రాసినవే. హారన్ కొట్టరాదు. బాల్కనీ నుంచి పిలవరాదు. ఐదుగురి కన్నా ఎక్కువ అతిథులు వస్తే సెక్రటరీ సంతకం కావాలి. అంత చక్కటి చోటు వదిలి ఎందుకు పోతున్నారని సారంగపాణి అడిగితే ఆయన భార్య సావిత్రి వైపు చూశాడు. ఆమె, "హైదరాబాద్ పోదామనుకుంటానం," అని పాల ప్యాకెట్లు, గిన్నె, పసుపు కుంకుమల పొట్లం తీసుకుని వంటింట్లోకి పోయింది.

రాజేశ్వర్ రావు ఒక ఫారం ముందు పెట్టుకున్నాడు. "కొనేవాళ్ల జీవనశైలి, విలువలు ఏందో రాసుకోవాలి. నా ఇల్లే అయినా రూల్ రూలే. నెలకు సగటున ఎంతమంది అతిథులొస్తరు మీకు?"

"ఒక్కలు గూడ రారు సార్."

వినోద కిటికీలోంచి బయటికి చూడసాగింది.

"చుట్టాలు?"

"ఉన్నరు సార్, ఉన్నరు. గని అందరు దూరం దూరం."

'సున్నా' అని ఆయన అందంగా రాస్తుండగా గేటు దగ్గరి నుంచి వాచ్‌మన్ గట్టయ్య ఫోన్ చేశాడు. సారంగపాణి గారి కోసం ఏడుగురు వచ్చారని, సెక్రటరీ గారి సంతకం కావాలని.

"నా కోసం అయ్యుండదు సార్," అన్నాడు సారంగపాణి. నిజంగా అట్లాగే నమ్మాడు. తాను ఇక్కడున్నట్టు తనకూ, వినోదకూ, పోశయ్యకూ తప్ప ఇంకెవరికీ తెలియదు. అయితే పోశయ్య వీళ్లను దింపి స్టాండుకు తిరిగి పోయేసరికి, 'సేటును ఏడ దింపినవో గాడికే మమ్ముల గూడ తోలుకపో' అంటూ జనం సిద్ధంగా ఉన్నారన్న సంగతి అతనికి తెలియదు. పోశయ్య అప్పటికి రెండో ట్రిప్పులో ఉన్నాడు, వెనక స్టాండులోని మిగతా ఆటోలు.

ఈలోగా సారంగపాణి ఫోన్ మోగింది. దుకాణంలో ఉన్న వినోద మేనల్లుడు నవీన్. మాట కాస్త బిగుసుకుని ఉంది.

"మామా, నాకు చెప్పకున్నా సరే, నేనేం ఫీల్ గాను. గని గిరాకీ మాత్రం జోరుగున్నది. పొద్దుగాల్నుంచి పద్నాలుగు బిందెలు, ఆరు టిఫిన్ డబ్బాలు పోయినయ్. అన్నిటి మీద నీ పేరు కొట్టిచ్చుకుంటాండ్రు."

"నా పేరెందుకురా?"

"గృహప్రవేశం నీదైతే నా పేరు కొడ్తరా?"

సారంగపాణి ఫోన్ పెట్టేశాడు. పేరు చెక్కిన గిన్నెను ఏ దుకాణమూ వెనక్కి తీసుకోదు. అట్లా రాసిన బోర్డు తన దుకాణంలో తానే పెట్టాడు.

గట్టయ్య మళ్లీ ఫోన్ చేశాడు. పంతొమ్మిది మంది. మూడోసారి చేసినప్పుడు లెక్క చెప్పలేదు. "సార్, ఒక పెద్దమ్మ, పనేందని నేనడిగితె, మా తమ్ముని ఇంట్ల పాలు పొంగియ్యాలె, లేకుంటె నువ్వు పోయి పొంగిస్తవా అన్నది. నేను పక్కకు జరిగిన సార్," అని పెట్టేశాడు.

ప్రశాంతి మెడోస్ పుట్టినప్పటి నుంచి ఆ వీధిలో అంత మంది ఒకేసారి నడవలేదు. ముందు సమ్మమ్మ, వెనక బిందెలు. తలుపు దగ్గర ఆమె తమ్ముణ్ని ఒక్క చూపు చూసింది.

"అక్కా, గిది నా ఇల్లు గాదే."

"అవును తమ్మీ. నీ ఇల్లయితె నన్ను పిలుస్తుంటివి. నీ పెండ్లాం ఇల్లయి ఉంటది."

"వదినా, నేనేం చేసిన?" అంది వినోద. జవాబు చెప్పే తీరిక సమ్మమ్మకు లేదు. తొమ్మిదీ పది అయింది. ఆమె నేరుగా వంటింట్లోకి పోయింది. అక్కడ కొత్త గిన్నె, పాలు, పసుపు, కుంకుమ అన్నీ వరసగా ఉన్నాయి. ఇంకేం సాక్ష్యం కావాలి? గిన్నెకు బొట్లు పెట్టి, పాలు పోసి, దండం పెట్టి పొయ్యి వెలిగించింది.

సావిత్రి పక్కనే నిలబడి చూస్తోంది. "అమ్మా, ఈ ఇల్లు మాది," అంది మెల్లగా.

"జర ఆగు బిడ్డా, పాలు పొంగుతానయ్."

పాలు నాలుగు వైపులా సమానంగా పొంగాయి. ఆడవాళ్లంతా "శుభం శుభం" అన్నారు. సమ్మమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంది. "ఆఁ, ఇప్పుడు చెప్పు. ఎవల ఇల్లన్నవ్?"

సావిత్రి స్టవ్ పక్కనే కింద కూర్చుని ఏడ్చేసింది.

"మేం ఈ ఇంట్లకు వచ్చిన్నాడు కరోనా అమ్మా. పంతులు ఫోన్ల మంత్రం చదివిండు. పాలు నేనే పొంగిచ్చుకున్న. ఒక్కలు రాలె. అటెన్క గూడ రాలె. ఎట్లొస్తరు? ఈయన గేటు కాడ సంతకాలు పెట్టిండాయె. ఇంట్ల ఉంటె చెవులు గుయ్‌మంటయ్. అందుకే అమ్ముకుందామన్న."

గుమ్మంలో నిలబడ్డ రాజేశ్వర్ రావు తన చేతిలోని ఫారం చూసుకున్నాడు. ఆయనకు ఆ మాట ఇంతమంది ముందు వినాల్సి రావడం సిగ్గుగానూ, నిజం కావడం వల్ల బాధగానూ అనిపించింది.

అసలు సంగతి వినోద వివరంగా చెప్పింది. సమ్మమ్మ ఏమాత్రం కంగారు పడలేదు. "అయితేంది? ఆడబిడ్డ చేతుల మీద పాలు పొంగినంక ఇల్లు అమ్ముకుంటరా ఎవలన్న? లే బిడ్డా, బియ్యం ఎక్కడున్నయో చూపెట్టు. పరమాన్నం వండుదాం."

చప్పుడు గురించి ఫిర్యాదు చేయడానికి పక్క ఇళ్లవాళ్లు ఒక్కొక్కరే వచ్చారు. వచ్చినవాళ్ల చేతిలో సమ్మమ్మ ప్లేటు పెట్టింది. ఐదేళ్లుగా ఒకే గోడకు అటూ ఇటూ ఉంటూ పేర్లు తెలియని ఇద్దరు పెద్దమనుషులు, తమ ఇద్దరిదీ పరకాలేనని ఆ పూట కనుక్కున్నారు. బిందెలన్నీ సావిత్రి ఇంట్లో గోడ వారగా చేరాయి. వాటి మీద ఎవరి పేరుందో ఎవరూ పట్టించుకోలేదు.

రాజేశ్వర్ రావు సారంగపాణిని పక్కకు పిలిచాడు. "ఏమనుకోకండి, ఈ ఇల్లు ఇగ మేం అమ్మం. సావిత్రి నవ్వంగ చూసి నాలుగేండ్లాయె."

"సార్, ఈ కాలనీల ఇంకోటేదన్న ఉంటె..."

"మీరు అతిథుల దగ్గర సున్నా రాయించిండ్రు గదా. అబద్ధం చెప్పినోళ్లకు ఇక్కడ ఇల్లియ్యొద్దని రూల్ ఉన్నది. నేనే పెట్టిన."

సారంగపాణి పరమాన్నం సగంలో వదిలేసి ఆటో ఎక్కాడు. పక్కన వినోద. వెనక్కి ఇంకెవరూ రాలేదు. మధ్యాహ్నం భోజనాలు అయ్యాకే పోవాలని సావిత్రి అందరినీ కూర్చోబెట్టింది, రాత్రికి కూడా ఉండమని బతిమాలుతోంది. ఆ ఇంట్లో నాలుగు పడకగదులు.  చేతికందిన ప్రశాంతత జారిపోయిందని దారి పొడుగునా సారంగపాణికి నిజంగా ఏడుపొచ్చింది.

ఇంటికొచ్చి మెట్లెక్కితే చప్పుడు లేదు. సమ్మమ్మ మరిది కూడా లేడు. పోశయ్య ఆఖరి ట్రిప్పులో అతన్నీ తీసుకుపోయాడట. సారంగపాణి మంచం అంచున కూర్చుని కాసేపు అనుమానంగా చూసి, తర్వాత పడుకున్నాడు. సాయంత్రం ఐదింటికి లేచాడు. అప్పుడు కూడా ఎవరూ లేరు.

ఆ వారమంతా ఎవరూ రాలేదు. తర్వాతి వారం దవాఖానకు వచ్చిన చుట్టం ఒకాయన ఫోన్ చేస్తే, వస్తున్నాడేమోనని సారంగపాణి తన మంచం వైపు చూసుకున్నాడు. ఆయన అడిగింది మాత్రం హసన్‌పర్తికి ఏ బస్సు పోతుందని.

ఇల్లు మారాల్సింది తాను కాదని, చుట్టాలని సారంగపాణికి ఇన్నేళ్లూ తట్టలేదు.